ఎనభై ఎనిమిది ఓములు

రెండూ పది అయింది. ఐదింటికి వరదానాన్ని కోర్టులో హాజరుపరుస్తారు. ఆ లోపల నేను తేల్చాల్సింది ఒక్కటే. స్టార్టర్ పెట్టెలోకి కరెంటు వచ్చి చేరే చోటికీ, ఆ పెట్టె ఇనుప ఒంటికీ మధ్య దారి ఉందా, లేదా? ఉంటే అప్పలరాజుని పెట్టె చంపింది. లేకపోతే వరదానం చంపాడు. ఇంత చిన్న ప్రశ్న తేల్చడానికి వచ్చి, గొలుగొండ అవతల ఒక చెరుకు తోటలో, మోటారు షెడ్డు బయట, ఎండలో అరగంటగా నిలబడి ఉన్నాను. షెడ్డు తాళం సి.ఐ. ధర్మతేజ జేబులో ఉంది. ధర్మతేజ ఫోనులో ఉన్నాడు.

నా పేరు బేబి. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. పాలిటెక్నిక్‌లో పదకొండేళ్ళు ఏసీ సర్క్యూట్లు చెప్పాను. వినేవాళ్ళు కరువై ఆ ఉద్యోగం మానేసి నర్సీపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఇక్కడా వినేవాళ్ళు కరువే. ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులు వస్తుంటాయి. చావు కేసు రావడం ఇది మూడోసారి.

పొద్దున్న ఏడింటికి వరదానం భార్య జ్ఞానమణి మా గుమ్మంలో నిలబడింది. బట్టలు కుట్టుకునే మనిషి, మెడలో టేపు కూడా తీయకుండా పరిగెత్తుకొచ్చింది. ఏడవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆయన ఎర్త్ చూడకుండా ఏ పెట్టె మూతా ముయ్యరండి. ఇరవై రెండేళ్ళుగా చూస్తన్నాను. ఈ మాట ఎవరికి సెప్పినా ఇనట్లేదు. మీరైనా ఇనండి," అంది.

విన్నాను. విన్నాక ఇంక ఊరుకోలేకపోయాను.

జరిగింది ఇది. వరదానం మోటారు మెకానిక్. మొన్న పదిహేడో తేదీ సాయంత్రం అప్పలరాజు కొత్త బోరుకి మోటారు బిగించి, స్టార్టర్ పెట్టె కలిపి, ఐదూ ఇరవైకి పని ముగించాడు. అప్పటికి వ్యవసాయానికిచ్చే మూడు ఫేజుల కరెంటు ఆగిపోయింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి మళ్ళీ వచ్చింది. ఆరూ నాలుగుకి అప్పలరాజు షెడ్డులోకి వెళ్ళి పెట్టె తలుపు పిడి పట్టుకున్నాడు. వదల్లేకపోయాడు. క్లాంపు ఒకటి బిగించడం మిగిలిందని ఆరూ పదికి అటే వచ్చిన వరదానం అది చూసి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరిగెత్తి మూడు ఫ్యూజు గ్రిప్పులూ కర్రతో లాగేసి కరెంటు ఆపేశాడు. తిరిగొచ్చి, సంచిలో ఉన్న వైరు చుట్ట తీసి, అప్పలరాజు నడుముకి వేసి ఇవతలికి లాగాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఆరుంబావుకి చేరిన జనానికి కనిపించింది ఏమిటంటే, కింద శవం, పక్కన వరదానం, వరదానం చేతిలో వైరు.

అక్కడితో కథ తయారైపోయింది. వరదానం ఏదో దొంగ వైరు లాగి వదిలేశాడట, అది తగిలి అప్పలరాజు చస్తే గబగబా తీసి దాచబోయాడట.

తొమ్మిదిన్నరకి స్టేషన్లో వరదానాన్ని కలిశాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు రోజుల్లో అరవై దాటినవాడిలా ఉన్నాడు. నాకు జాలి పడే తీరిక లేదు. పెట్టెకి ఎర్త్ వేశావా అని అడిగాను.

"ఏసేనండి. కొలిసి, పెట్టె తలుపు లోపల పెన్సిల్‌తో రాసేనండి. నాలుగు ఓములు. తారీకు, కీర్తన నంబరు కూడా ఉంటాయండి."

"కీర్తన నంబరేమిటయ్యా?"

"పనయ్యాక బైబిలు కీర్తన నంబరు ఒకటి రాస్తానండి. మా నాయన నేర్పినాడు. దొంగపని చేసిన పెట్టె మీద దేవుడి మాట రాయలేం కదండి."

సంచి సంగతి అడిగాను. పదిహేడో తేదీ రాత్రంతా సంచి షెడ్డులోనే ఉందట, పొద్దున్నే వస్తాను కదా అని వదిలేశాడట. షెడ్డు తాళంచెవి ఎక్కడుంటుందంటే, తలుపు పక్క మేకుకి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. సంచిలో ఏమేం ఉండేవో చెప్పమంటే వరసగా చెప్పాడు. పోలీసులు రాసుకున్న జాబితా నా దగ్గర ఉంది, ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. అతను రెండు కండెన్సర్లు అన్నాడు. జాబితాలో ఒకటే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే రైతు మోటారు ఆపుకుని కూర్చోడు. పోయిన ఫేజుకి బదులు ఒక కండెన్సర్ తగిలించి, ఉన్న రెండిటితోనే తిప్పేస్తాడు. మోటారు మూలుగుతూ తిరుగుతుంది, ఏడాదికోసారి కాలిపోతుంది, మళ్ళీ చుట్టిస్తాడు. అందుకని ప్రతి మెకానిక్ సంచిలోనూ, ప్రతి కిరాణా కొట్టు పక్కనున్న కరెంటు సామాన్ల కొట్టులోనూ ముప్పై ఆరు మైక్రోఫారడ్ల కండెన్సర్ దొరుకుతుంది. సరుగుడు కర్ర దొరికినంత తేలిగ్గా దొరుకుతుంది. ఆ రెండో కండెన్సర్ ఎక్కడికి పోయిందన్నది పొద్దుటినుంచీ నా బుర్ర తొలిచేస్తోంది.

రెండున్నరకి ధర్మతేజ ఫోను ముగించాడు. అప్పటికి నా శత్రువు కూడా వచ్చాడు.

రాజుబాబు. నా శిష్యుడే. ఏసీ సర్క్యూట్స్ పేపరు మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాడు. ఇప్పుడు విద్యుత్ ప్రమాదాల కన్సల్టెంటు. అతను ఇచ్చిన ఒకటిన్నర పేజీ రిపోర్టు మీదే వరదానం లోపల ఉన్నాడు. తెల్ల చొక్కా, నల్ల ఫ్యాంటు. షెడ్డు చుట్టూ రాత్రి వాన తాలూకు బురద. బూట్లు గట్టు మీద విడిచి, ఫ్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఉత్త కాళ్ళతో వచ్చాడు.

"మేడమ్, మీరెందుకు ఎండలో శ్రమ పడటం? పెట్టెకీ లైనుకీ సంబంధం లేదని నేను కొలిచి రాశాను కదా," అన్నాడు.

రిపోర్టు బయటికి తీశాను. ఫేజు టెర్మినల్‌కీ పెట్టె ఒంటికీ మధ్య మల్టీమీటరు పెడితే ఓ.ఎల్. అని చూపించింది, అంటే దారి లేదు, కాబట్టి పెట్టెలోకి కరెంటు రాలేదు, కాబట్టి బయటి వైరే కారణం. మూడు కాబట్టిలు. మీటరు ముళ్ళు ఆనించగానే ఓ.ఎల్. వచ్చిందా, ముందు అంకెలు కాసేపు పరిగెత్తాయా అని అడిగాను.

"పరిగెత్తాయి. కొత్త మీటర్లన్నీ అంతే మేడమ్, కుదురుకోడానికి కాస్త టైము పడుతుంది."

"ముళ్ళు తిరగేసి మళ్ళీ పెట్టావా?"

"ఎందుకు?"

ఎందుకంటాడేమిటి, ఖర్మ. పదకొండేళ్ళు గోడకి చెప్పినా ఈపాటికి గోడ పాసయ్యేది. అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఓ.ఎల్.కి చేరాయంటే అక్కడ ఏదో నిండుతోందని అర్థం. నిండే వస్తువు కండెన్సర్. మీటరులో ఉన్నది చిన్న బ్యాటరీ, అది ఒకే వైపు తోస్తుంది. కండెన్సర్ ఆ తోపుకి నిండి, తలుపు వేసేసుకుంటుంది. లైనులో వచ్చేది ఒకే వైపు తోపు కాదు, సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ. ఇద్దరు కూర్చుని లాగే దుంగ రంపం చూసే ఉంటారు. ఇటువాడి చేతిలోది ఏదీ అటువాడికి వెళ్ళిపోదు, అయినా దుంగ తెగుతుంది. కండెన్సర్లోంచి ఏసీ అలాగే పని చేస్తుంది. మీటరు దారి లేదన్నచోట మనిషిని చంపేంత దారి ఉండొచ్చు. అందుకే బ్యాటరీతో కొలిచిన ఓములు నాకక్కర్లేదు. ఆ రెండు చోట్ల మధ్యా ఏసీకి మొత్తం అడ్డు ఎంత, నాకు అది కావాలి. పుస్తకాల్లో దాన్నే ఇంపెడెన్స్ అంటారు.

ఐదు నిమిషాలు లైను ఇప్పించండి, టెస్టరు పెట్టి చూపిస్తాను అని ధర్మతేజని అడిగాను. ససేమిరా అన్నాడు. గ్రిప్పులు మూడూ సీలు వేసి స్టేషన్లో పెట్టాడట. ఇంకో మనిషి చస్తే ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. అతను అన్నది న్యాయమే, అందుకే ఇంకా చిరాకేసింది.

ఇలా అవుతుందని తెలుసు కాబట్టే నా కరెంటు నేను తెచ్చుకున్నాను. టెంటు హౌసు జనరేటరు ఒకటి, కాలింగ్ బెల్లుకి వాడే పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, రెండు మీటర్లు, అలవాటు ప్రాణం కాబట్టి నా మూరెడు చెక్క స్కేలు. పన్నెండు వోల్టులు ఎవర్నీ చంపవు. ఆ జనరేటరు మాత్రం నన్ను చంపింది. తాడు పదిసార్లు లాగాను, పదిసార్లూ దగ్గి ఊరుకుంది.

అప్పుడు గోవింద్ వచ్చి చెయ్యి వేశాడు. చచ్చిపోయిన అప్పలరాజు తమ్ముడు. నలభై ఏళ్ళుంటాయి, మెత్తటి మనిషి, మాట పైకి రాదు. అతను రెండుసార్లు లాగేసరికి జనరేటరు అందుకుంది. అది వేడెక్కేలోగా నాలుగు మాటలు అడిగాను. పద్దెనిమిదో తేదీ పొద్దున్న ఎక్కడున్నారంటే, కళ్ళంలో ఉండి కేకలు విని వచ్చానన్నాడు. పక్క చేను ఎవరిదంటే తనదేనన్నాడు. అందులో చెరుకు ఆకు గొట్టంలా చుట్టుకుపోయి, కొసలు ఎండి ఉన్నాయి. రాత్రి పడిన వాన దానికి ఏ మూలకీ చాలలేదు. అన్న కొత్త బోరు వేశాక తన బావిలో నీరు దిగిపోయిందని నేను అడక్కుండానే చెప్పాడు. అన్న మీద కోపం లేదా అంటే, అన్నకి చెప్తే వింటాడా అని ఊరుకున్నాడు.

"మోటారుకి కండెన్సర్ వాడేవాళ్ళా?" అని అడిగాను.

"నాకేటి తెల్దండి. నాకు కరెంటంటే బయం. ఇంట్లో బల్బు మార్సాలన్నా మా అన్నే రావాల."

ట్రాన్స్‌ఫార్మర్ వైరు కొస ఊడిపోయింది. నేను కత్తెర కోసం వెతుకుతుంటే అతనే అందుకుని, తొడుగు పళ్ళతో లాగి, రాగి పోగులు మెలిపెట్టి, కొస వెనక్కి మడిచి స్క్రూ కింద పెట్టి బిగించి ఇచ్చాడు. అప్పటికి మూడూ ఐదు అయింది. నాకు గడియారం తప్ప ఇంకేదీ కనబడటం లేదు.

"ఎండగా ఉందండి. మీరు ముగ్గురే కదండి. మూడు బొండాలు కోసుకొస్తాను," అని కత్తి తీసుకుని చెరుకులోకి వెళ్ళిపోయాడు.

షెడ్డులోకి ముగ్గురం వెళ్ళాం. పది అడుగుల గది, తడి మట్టి నేల. నేను రబ్బరు చెప్పులు వేసుకునే ఉన్నాను, ధర్మతేజ బూట్లు విప్పలేదు. ఎదురుగోడకి ఒక చెక్క పలక, పలక మీద ఇనుప స్టార్టర్ పెట్టె. పెట్టె నెత్తి మీద ఎరుపు, పసుపు, నీలం, మూడు చిన్న దీపాలు. ఏ ఫేజు వస్తే ఆ దీపం వెలుగుతుంది. బోరులోకి దిగిన గొట్టం ప్లాస్టిక్‌ది. అంటే పెట్టె భూమికి తగిలే దారి ఎర్త్ వైరు ఒక్కటే. తలుపు తీసి చూస్తే లోపల పెన్సిల్ రాత కనిపించింది. 17-6, ఎర్త్ 4, కీర్తన 121.

ఎర్త్ వైరు పెట్టెలోంచి బూడిదరంగు గొట్టంలోకి దిగుతుంది. పట్టుకుని లాగాను. అడ్డు లేకుండా జానెడు వైరు చేతికొచ్చింది. కొస చక్కగా కత్తిరించి ఉంది. గొట్టం లోపల కోశారు, పైకి కనబడకుండా.

"అంటే వరదానం ఎర్త్ వెయ్యలేదనే కదా," అన్నాడు రాజుబాబు.

"వెయ్యనివాడు నాలుగు ఓములు ఎలా కొలిచాడు?"

"కొలిచానని రాశాడు. కొలిచాడని మనకేం తెలుసు?"

ధర్మతేజ అతని వైపు తల ఊపాడు. నాకు అరవాలనిపించింది. అరవలేదు. జనరేటరు దగ్గరనుంచి తెచ్చిన రెండు వైర్లలో ఒకటి పెట్టె ఒంటికి తగిలించాను. రెండోది వరసగా మూడు టెర్మినల్స్‌కీ. పసుపు ఫేజుకి పెడితే మీటరు సూది కదల్లేదు. నీలం ఫేజుకీ కదల్లేదు. రాజుబాబు నవ్వు దాచుకుంటున్నాడు. ఎరుపుకి పెట్టాను. సూది లేచి నిలబడింది. నూట ముప్పై ఐదు మిల్లీ ఆంపియర్లు. వోల్టులు చూస్తే పదకొండూ పాయింట్ తొమ్మిది.

భాగించుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు. ఎనభై ఎనిమిది ఓములు. బ్యాటరీకి అనంతం, ఏసీకి ఎనభై ఎనిమిది. అక్కణ్ణించి వెనక్కి లెక్క కడితే, యాభై సైకిళ్ళ దగ్గర ఎనభై ఎనిమిది ఓములు అడ్డుపడే కండెన్సర్ ముప్పై ఆరు మైక్రోఫారడ్లు.

జనరేటరు ఆపేశాను. వైర్లు రెండూ తీసి చుట్టేశాను. ఈ పలక వెనకాల ముప్పై ఆరు మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒకటి ఉంది, ఎరుపు టెర్మినల్‌కీ పెట్టె ఒంటికీ మధ్య కలిపి ఉంది, విప్పి చూడండి అని ధర్మతేజతో చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, స్క్రూడ్రైవరు తనే తీసుకున్నాడు. నాలుగు స్క్రూలు విప్పి, పలక కింది అంచు పట్టి ముందుకి వంచి, టార్చి వేశాడు. గోడకీ పలకకీ మధ్య సందులో, నల్ల టేపుతో అంటించి ఉంది. టీ గ్లాసంత అల్యూమినియం డబ్బా. 36 అని అంకె. ఆ రోజంతటికీ నాకు కాస్త ఊపిరి ఆడింది అప్పుడే.

ఆ సుఖం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

"మేడమ్, ఉంది. ఒప్పుకుంటాను," అన్నాడు రాజుబాబు. "కానీ మధ్యలో ఎనభై ఎనిమిది ఓములు అడ్డం ఉందని మీరే అన్నారు. మనిషి ఒళ్ళు తడిగా ఉంటే వెయ్యి ఓములు. రెండూ కలిపితే వెయ్యీ ఎనభై ఎనిమిది. కండెన్సర్ కరెంటుని తగ్గిస్తుంది కానీ పెంచదు కదా? అప్పలరాజుని చంపింది ఇదేనని ఎలా రాస్తాం?"

మూడుసార్లు తప్పింది సరిగ్గా ఇక్కడే. అదే తప్పు, అదే ధీమా. స్కేలుతో గోడ మీద గీత గీశాను.

"తూర్పుకి వెయ్యి అడుగులు నడువు. అక్కణ్ణించి ఉత్తరానికి ఎనభై ఎనిమిది. ఇప్పుడు బయల్దేరిన చోటినుంచి తిన్నగా ఎంత దూరంలో ఉన్నావు? వెయ్యీ ఎనభై ఎనిమిదా? కాదు. వెయ్యీ నాలుగు. మనిషి అడ్డూ కండెన్సర్ అడ్డూ ఒకే దారిలో నిలబడవు రాజుబాబూ, లంబకోణంలో ఉంటాయి. ఆ డబ్బా అప్పలరాజుకి అడ్డుపెట్టింది నాలుగు ఓములు. ఎనభై ఎనిమిది కాదు, నాలుగు. రెండొందల నలభై వోల్టులని వెయ్యీ నాలుగుతో భాగించు. పావు ఆంపియరుకి దగ్గర. అందులో ఎనిమిదో వంతు చాలు, మనిషి గుండెకి."

అతను గోడ మీది గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. మొదటిసారి అతనికి అర్థమైందని నాకు అనిపించింది. కానీ మాట ధర్మతేజ అందుకున్నాడు. గొంతులో వెటకారం లేదు, అందుకే నాకు భయం వేసింది.

"మేడమ్, పెట్టే చంపింది. సరే. ఈ డబ్బా ఎవరిది? వరదానం సంచిలోది. పెట్టె బిగించింది ఎవరు? వరదానం. ఇంతసేపూ నిర్లక్ష్యం కేసు అనుకున్నాను. మీరొచ్చి దీన్ని హత్య కేసు చేశారు. నేను అతన్ని ఎలా వదలను?"

తాళంచెవి మేకుకి ఉంటుంది, ఎవరైనా రావచ్చు అన్నాను. ఎవరో చెప్పండి అన్నాడు. చెప్పలేకపోయాను. మూడూ నలభై. జ్ఞానమణి నన్ను వినమంది. విన్నాను, వచ్చాను, కొలిచాను. ఆమె భర్త మెడకి ఉన్న తాడు నా చేత్తోనే బిగించి పెట్టాను. లెక్క తప్పినా బాగుండేది అనుకున్నాను, నా జన్మలో మొదటిసారి.

రాజుబాబు నెమ్మదిగా అన్నాడు. రిపోర్టు మారుస్తాడట, ముందు ఫోటో తీసుకుంటాడట. వాలిన పలకని సర్దడానికి పెట్టె తలుపు పిడి వైపు చెయ్యి చాచాడు. తడి మట్టిలో ఉత్త కాళ్ళు.

అతని తలకి పైన, పెట్టె నెత్తి మీద, ఎర్ర దీపం వెలిగి ఉంది.

ఆలోచించానని చెప్తే అబద్ధం. స్కేలు ఎత్తి అతని మణికట్టు మీద బలంగా కొట్టాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాణ్ణీ కొట్టలేదు. రాజుబాబు కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుని, నా మొహం చూసి, నా చూపు ఎక్కడుందో చూసి, గోడకి అతుక్కుపోయాడు. ధర్మతేజ పలక వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. టెస్టరు తీసి పిడికి ఆనించాను. వెలిగింది. ఐదు నిమిషాల క్రితం నా వైర్లు రెండూ దీనికే తగిలించి ఉన్నాయి.

"గ్రిప్పులు స్టేషన్లో ఉన్నాయి," అన్నాడు ధర్మతేజ. తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

గ్రిప్పు లేకపోతే ఏం, వెదురు కర్ర కొసకి అల్యూమినియం తీగ ముక్క కట్టి తగిలించడం ఇక్కడి రైతులకి తెలియని విద్య కాదు. నన్ను పట్టి నిలిపింది అది కాదు. మూడు దీపాల్లో ఒక్కటే వెలిగింది. మూడు ఫేజులూ ఇచ్చి ఉంటే స్టార్టరు టక్కున కొట్టుకునేది, మోటారు మోగేది, మేం ముగ్గురం బయటికి ఉరికేవాళ్ళం. ఒక్కటే ఇచ్చారు, చప్పుడు లేకుండా. ఆ ఒక్కటీ పసుపు కాదు, నీలం కాదు.

గొంతు తగ్గించి ధర్మతేజని అడిగాను. "కండెన్సర్ ఎరుపు మీద ఉందని ఎవరెవరికి తెలుసండీ?"

"మన ముగ్గురికి."

"మనం ముగ్గురం ఇక్కడే ఉన్నాం. వరదానం మీ లాకప్‌లో ఉన్నాడు. ఇంకొకడికి తెలుసు. పెట్టినవాడికి."

అతను దీపం వైపు చూశాడు, పలక వెనక డబ్బా వైపు చూశాడు. అంతకుమించి నేనేం చెప్పక్కర్లేకపోయింది. ఫోను తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, స్టేషనుకి మాట్లాడాడు. వరదానాన్ని కోర్టుకి తీసుకెళ్ళొద్దు, నేను వచ్చేదాకా ఆపండి, అని రెండుసార్లు చెప్పాడు. మూడూ నలభై ఆరు. జ్ఞానమణికి ఈ మాట ఎప్పుడు చెప్తానా అనిపించింది.

ఎర్ర దీపం ఆరిపోయింది.

జనరేటరు లేదు, మోటారు లేదు, ఒక్క చప్పుడు లేదు. నాకు అప్పుడు ఆ వైరు కొస గుర్తొచ్చింది. తొడుగు పళ్ళతో లాగి, పోగులు మెలిపెట్టి, కొస వెనక్కి మడిచి స్క్రూ కింద పెట్టడం. ఏళ్ళ తరబడి మోటార్లు చుట్టిన చెయ్యి తప్ప అలా మడవదు. బల్బు మార్చడానికి అన్నని పిలిచేవాడు అలా మడవడు. నా ల్యాబులో మొదటి వారం నేర్పే పని అది, నా కళ్ళముందు చేసి ఇస్తే, నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. చెప్పుతో కొట్టుకోవాలి నన్ను.

బయట చెరుకు ఆకులు గరగరలాడాయి. ఎవరో గట్టు మీదికి ఎక్కి, షెడ్డుకి పది అడుగుల దూరంలో ఆగారు. ధర్మతేజ నోటి మీద వేలు పెట్టుకుని తలుపు చాటుకి జరిగాడు.

లోపలినుంచి ఏదైనా చప్పుడు వస్తుందేమో అని కాసేపు చూసి, గోవింద్ మెత్తగా పిలిచాడు.

"మేడమ్‌గారూ, బొండాలు తెచ్చేనండి. లోపల ఎంతమందున్నారండి?"